ముందు నీళ్ళు, తరువాత గుడ్డ



ఈ నెల మన కుటుంబ శీర్షికలో కారు రంగు మీద పడే సన్నని గీతలను ఇంటివద్దనే ఎలా పోగొట్టుకోవాలో వ్రాస్తున్నాము. "అయ్యగారికి వాక్యము కరువైనదా, కార్ల సంగతి ఎత్తుకున్నారు" అని కొందరు అనుకోవచ్చు. మన సంఘములలో ఎక్కువమంది పోడు, పల్లపు సేద్యము, కాఫీ మొక్కల మీద బ్రతికేవారే గాని కార్లు గలవారు కారు. అది మాకు తెలియును. అయినను ఈ కొద్ది సంవత్సరములలో మన అరకు లోయలో వచ్చిన మార్పు మీరు చూస్తూనే ఉన్నారు. 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుండి అరకు వచ్చే రైలుకు అద్దాల బోగీ తగిలించారు. బొర్రా గుహలకు, చాపరాయికి, వంజంగి కొండమీద మబ్బులు చూచుటకు జనము వస్తున్నారు. వారిని త్రిప్పుటకు మన పిల్లలే అప్పు తెచ్చి జీపులు, కార్లు కొంటున్నారు. మా సంఘములో నాగలి పట్టిన తండ్రికి స్టీరింగు పట్టిన కొడుకు ఉన్న ఇళ్ళు ఇప్పుడు కొన్ని ఉన్నవి. గనుక ఈ సంగతి మన ఇళ్ళలోనిదే. పైగా దీని వెనుక ఒక కుటుంబము కన్నీళ్ళు ఉన్నవి.

క్రిస్మసు ముందు జరిగినది

మా సంఘములో ఒక సహోదరుడు సెకండ్ హ్యాండులో ముదురు నీలము రంగు కారు కొని, టాక్సీగా త్రిప్పుతున్నాడు. నెలనెలా వాయిదా కట్టాలి. డిసెంబరు నెలలో యాత్రికులు ఎక్కువ. ఆ నెల రెండు చేతులా సంపాదించుకొంటేనే వర్షాకాలములో వాయిదాలు తప్పకుండా ఉంటవి. పండుగకు రెండు రోజుల ముందు అతడు అర్ధరాత్రి ఇంటికి వచ్చి పడుకున్నాడు. కారంతా ఎర్ర దుమ్ము.

ఆ ఇంటి పెద్ద కుమారుడు పదవ తరగతి. తెల్లవారుజామున మంచులో లేచి కారు కడిగాడు. ఎండ వచ్చేసరికి తండ్రి లేచి బయటకు వచ్చి చూచాడు. బోనెట్టు మీద, తలుపుల మీద సాలెగూడు పరచినట్లు గీతలే గీతలు. ఎడమ తలుపు మీద జానెడు పొడవున లోతైన గీత ఒకటి. పిల్లవాడి చేతిలో అంట్లు తోమే పీచు ఉన్నది. తండ్రికి కోపము పట్టలేదు. దారిని పోయేవారు చూస్తుండగా పిల్లవాడిని కొట్టాడు. "నువ్వు నా కడుపు కొట్టావురా" అన్నాడు. పిల్లవాడు ఒక్క మాట అనలేదు. పుస్తకాల సంచి భుజాన వేసుకొని, బస్సెక్కి, ముంచంగిపుట్టు వైపు తన అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయాడు.

క్రిస్మసు ఆరాధనలో ఆ కుటుంబము కూర్చునే చోట తల్లి, చిన్నపిల్ల మాత్రమే ఉన్నారు. ఆరాధన అయిన తరువాత ఆ తల్లి మా దగ్గరకు వచ్చి జరిగినదంతా చెప్పింది. ఇక్కడ మా తప్పు కూడ ఒప్పుకోవాలి. ఆమె మాట ముగించక ముందే మేము నవ్వి, "గిన్నెల పీచుతో కారు తోముతారా ఎవరైనా?" అన్నాము. ఆమె ముఖము చిన్నబోయినది. "వాడికి ఎవరు చెప్పారయ్యగారూ" అని మాత్రము అన్నది. ఆ మాట రాత్రంతా మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఎందుకనగా వేదాంత శిక్షణకు వెళ్ళక ముందు మేము రెండు సంవత్సరములు కార్లకు రంగులు వేసే షెడ్డులో పని చేసినవారము. ఆ పిల్లవాడికి చెప్పవలసినవారిలో మేమూ ఉన్నాము. ఎప్పుడూ చెప్పలేదు.

అసలు గీత అంటే ఏమిటి

కారు రేకు మీద రంగు ఒకే పొరగా ఉండదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద అసలు రంగు, అన్నిటి పైన రంగులేని పారదర్శకమైన పూత. దీనిని షెడ్డులలో క్లియర్ కోటు అంటారు. ఇవన్నీ కలిపినా చాలా కార్లకు 100 నుండి 150 మైక్రాన్ల మందము. వెయ్యి మైక్రాన్లు అయితే ఒక మిల్లీమీటరు. అంటే మిల్లీమీటరులో పదవ వంతు, లేక దానికి కొంచెము పైన. అందులో పైనున్న క్లియర్ కోటు సుమారు 35 నుండి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటె పలుచన. కారు మెరుపంతా ఆ పలుచని పొరలోనే ఉన్నది.

ఆ పొర నునుపుగా ఉంటే వెలుగు దాని మీద పడి సూటిగా తిరిగి వస్తుంది, అద్దములా కనబడుతుంది. సన్నని గీత పడితే దాని అంచుల వద్ద వెలుగు చెదరిపోతుంది. అందుకే నీడలో బాగున్న కారు ఎండలో గీతలమయముగా కనబడుతుంది. నలుపు, నీలము వంటి ముదురు రంగులలో ఇది మరీ ఎక్కువ. తెలుపులో గీతలు ఉండవని కాదు, కంటికి ఆనవు.

ఆ గీతలు గీసేది గుడ్డ కాదు, గుడ్డకు రంగుకు నడుమ చిక్కిన దుమ్ము. మన కొండల దుమ్ము సామాన్యమైనది కాదు. తూర్పు కనుమలలో ఎక్కువగా కనబడే రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఈ కొండలలో నివసించే కోందు ప్రజల పేరే ఆ రాతికి వచ్చినది. మన జనము పేరు మీద లోకమంతా ఒక రాతిని పిలుస్తున్నారని మన పిల్లలకు చెప్పండి. ఆ రాతిలో చెకుముకి జాతికి చెందిన క్వార్ట్జు ఉన్నది, గార్నెట్ అనే ఎర్రని గట్టి రవ్వ ఉన్నది. రాయి అరిగి మట్టి అయినా ఈ రవ్వలు తొందరగా అరగవు. భీమునిపట్నం సముద్రతీరపు ఇసుకలో గార్నెట్ రవ్వలు ఉండుటకు కారణము ఇదే. మన కొండల రాయి అరిగి ఏళ్ళ వెంట అక్కడికి చేరినది. ఈ గార్నెట్‌నే కాగితానికి అంటించి వడ్రంగులు చెక్క రుద్దే గరుకు కాగితము తయారు చేస్తారు. ఇనుప మేకు కంటె గట్టిది.

కాబట్టి మన దారిలో తిరిగి వచ్చిన కారు మీద పొడి గుడ్డ పెట్టి తుడిచామంటే, గరుకు కాగితము పెట్టి రుద్దినట్లే. అది స్నేహితుడి చెయ్యి అయినా, శత్రువు చెయ్యి అయినా ఒకటే. షెడ్డులో మా మేస్త్రి చదువుకున్నవాడు కాదు. అతడు ఎప్పుడూ ఒక్క మాటే అనేవాడు: "ముందు నీళ్ళు, తరువాత గుడ్డ."

అమ్మమ్మ ఊరిలో

పండుగ అయిన రెండవ రోజు మేము ఆ ఊరికి వెళ్ళాము. అమ్మమ్మ చోడి అంబలి ఇచ్చింది. పిల్లవాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈసారి మేము తొందరపడి మాట్లాడలేదు. అంబలి త్రాగిన తరువాత, "బాబూ, కారు ఎందుకు కడిగావు?" అని అడిగాము.

చాలాసేపటికి చెప్పాడు. "నాన్న రాత్రి పన్నెండింటికొచ్చాడయ్యగారూ. పొద్దున్నే రైలుకెళ్ళాలి. నేను కడిగేస్తే ఇంకో గంట పడుకుంటాడని."

మాకు నోట మాట రాలేదు. ఆ సంగతి తండ్రి అడగలేదు, తల్లి అడగలేదు, మేమూ అడగలేదు.

"నీళ్ళు ఎన్ని పోశావు?"

"ఒక్క బకెట్టే. బోరు కాడ జనం ఉన్నారు. ముందు గోనె గుడ్డతో దులిపాను. మరక పోలేదు. అప్పుడు పీచు తెచ్చాను."

ప్రేమతో మొదలు పెట్టిన పని, నీళ్ళు చాలక పాడైపోయినది. "ఇంటికి వస్తావా?" అంటే తల అడ్డముగా ఊపాడు. మార్చిలో పరీక్షలు ఉన్నవి, ఈ ఊరి నుండి బడి దూరము. అయినా రానన్నాడు. "ఆ గీతలు పోగొట్టే పని నాకు తెలుసు. ఒక్కడి వల్ల కాదు. సాయము చేస్తావా?" అని అడిగాము. గీతలు పోతాయని అప్పటి వరకు అతడికి తెలియదు. తల ఎత్తి మా వైపు చూచాడు.

కారు కప్పు మీద కనబడినది

ఆ సాయంత్రము తండ్రి దగ్గరకు వెళ్ళాము. "తప్పు వాడిదే గదా అయ్యగారూ, ముందు మీరు వాడికి బుద్ధి చెప్పండి" అన్నాడు. మేము వాదించలేదు. చీకటి పడిన తరువాత సెల్‌ఫోను దీపము వెలిగించి కారు కప్పు మీద పెట్టి, "ఇక్కడ చూడు" అన్నాము. దీపము చుట్టూ వలయములుగా సన్నని గీతలు, బోనెట్టు మీద ఉన్నట్లే.

"మీ అబ్బాయి చెయ్యి కప్పు నడుమకు అందుతుందా?" అని అడిగాము. అందదు. పిల్లవాడు కప్పు ముట్టుకోలేదని అతడికే తెలుసు. "మరి ఇవి ఎవరు గీసారు?"

స్టేషను బయట రైలు కొరకు ఎదురు చూచేటప్పుడు సీటు క్రింద నుండి పొడి గుడ్డ తీసి కారంతా తుడుచుకోవడము అతడికి ప్రతిదిన అలవాటు. యాత్రికులకు కారు శుభ్రముగా కనబడాలని. రెండు సంవత్సరముల నుండి అలాగే తుడుస్తున్నాడు. ఆ గుడ్డ తీసి దీపము క్రింద విప్పితే మన కొండ మట్టి అంతా అందులోనే ఉన్నది. అతడు గుడ్డను చేతిలో పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. పిల్లవాడు ఒక్క రోజు చేసినది కళ్ళకు కనబడినది. తాను ప్రతి రోజు చేసినది కనబడలేదు.

శనివారము పని

శనివారము బేరము మానుకొని తండ్రి ఇంటి వద్ద ఉన్నాడు. అమ్మమ్మ పిల్లవాడిని వెంటబెట్టుకొని వచ్చింది. ముగ్గురము పనసచెట్టు నీడలో పని మొదలు పెట్టాము. ఎవరైనా చేసుకోగలిగినట్లు దాని క్రమము వ్రాస్తున్నాము.

మొదట, గీత లోతు చూడాలి. గీతకు అడ్డముగా గోరు మెల్లగా లాగండి. గోరు తగలకుండా జారిపోతే అది పైపొరలోనిది, సాధారణముగా పోతుంది. గోరు చిక్కుకుంటే లోతైనది, రుద్ది పోగొట్టరాదు. ఇంకొక గుర్తు, గీత మీద నీటి చుక్క వేయండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది పైపైనే ఉన్నది.

రెండవది, కడగడము. కారు చల్లగా ఉండాలి, ఎండలో ఉండరాదు. ఏ గుడ్డా తాకకముందే పై నుండి క్రిందకు నీళ్ళు ధారాళముగా పోయాలి. దుమ్ము దానంతట అది జారిపోవాలి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కార్ల షాంపూ కలిపిన నీళ్ళు, రెండవదానిలో మంచి నీళ్ళు. మెత్తని గుడ్డతో కొంచెము కడిగి, ఆ గుడ్డను మంచి నీళ్ళలో జాడించి, మరల షాంపూలో ముంచాలి. అంట్ల సబ్బు వద్దు, అది మైనపు పూతను తీసివేస్తుంది. గుండ్రముగా కాక తిన్నగా తుడవాలి. చక్రముల దగ్గర, క్రింది భాగములు చివరన. నేల మీద పడిన గుడ్డను మరల కారు మీద పెట్టరాదు. ఆరబెట్టేటప్పుడు రుద్దక, గుడ్డ పరచి అద్ది తీయాలి. ఆ రోజు ఇరవై బిందెల నీళ్ళు పట్టినవి. పిల్లవాడే మోసాడు, తండ్రి కూడ మోసాడు.

మూడవది, చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుగుకొని కారు మీద మెల్లగా నిమరండి. ఇంకా గరుకుగా తగిలితే కడిగినా పోని మలినము అంటుకొని ఉన్నదన్నమాట. దానికి బంకమట్టి ముద్ద వంటిది కార్ల సామాను దుకాణములలో దొరుకుతుంది, క్లే బార్ అంటారు. షాంపూ నీళ్ళు చల్లి, జారుడుగా ఉండగా ఆ ముద్దను మెల్లగా త్రిప్పితే మలినము ముద్దకు అంటుకొని వస్తుంది. ముద్ద నేలమీద పడితే పారవేయండి.

నాలుగవది, నల్ల ప్లాస్టిక్ భాగములకు, రబ్బరు అంచులకు, తలుపుల మడతలకు టేపు అంటించాలి. అంచుల మీద రంగు అన్నిటికంటె పలుచన. అక్కడ గట్టిగా రుద్దితే రంగు లేచిపోతుంది.

ఐదవది, రుద్దడము. దుకాణములో రెండు రకములు దొరుకుతవి. కొంచెము గరుకైనది కాంపౌండు, మరింత మెత్తనిది పాలిష్. ముందు మెత్తనిదే ఒక మూలన, జానెడు చోటులో రుద్ది చూడండి. దానితో పోతే గరుకుదాని జోలికి పోవద్దు. పోకపోతేనే కాంపౌండు. మెత్తని స్పాంజి ముక్క మీద శనగగింజంత మందు నాలుగు చోట్ల పెట్టి, ఒక అడుగు చదరము చోటులో మాత్రమే రుద్దాలి. ముందు అడ్డముగా, తరువాత నిలువుగా. మందు పలుచబడి దాదాపు కనబడనంత వరకు రుద్ది, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, దీపము పెట్టి చూడాలి. ఇంకా ఉంటే మరొకసారి. కాంపౌండు వాడిన చోట చివరకు మెత్తని పాలిష్ తప్పక పట్టించాలి. చేతితో చేస్తే ఒక్క బోనెట్టుకే రెండు గంటలు పట్టినవి, భుజములు నొప్పి పుట్టినవి. తొందర కొద్దీ వెల్డింగు షాపు గ్రైండరుకు స్పాంజి తగిలించవద్దు. దాని వేగమునకు రంగు క్షణములో కాలిపోతుంది.

రుద్దే గుడ్డకు కారు రంగు అంటుకుంటున్నదేమో చూస్తూ ఉండాలి. పాత జీపులకు, పాత కార్లకు క్లియర్ కోటు లేకపోవచ్చు, వాటికి రంగు అంటుట సహజము. కొత్త తరహా కారుకు అంటుకుంటే పైపొర అయిపోయినదని అర్థము. వెంటనే ఆపివేయాలి.

చివరన మైనము, అంటే వాక్సు. పలుచగా పూసి, ఆరనిచ్చి, గుడ్డతో తీసివేయాలి. ఇది గీతను పోగొట్టదు. చేసిన పనిని కొంతకాలము కాపాడుతుంది.

ఇక కొందరు డ్రైవర్లు కిరసనాయిలు, డీజిలు గుడ్డతో తుడుస్తారు. నూనె గీతలలో నిండి రెండు రోజులు మెరుస్తుంది. ఆ జిడ్డుకు మరింత దుమ్ము అంటుకుంటుంది, తరువాత తుడిచినప్పుడు మరిన్ని గీతలు. పళ్ళ పేస్టులో కొంచెము గరుకు ఉన్న మాట నిజమే, చిన్న గీత తగ్గవచ్చు. కాని అది కారు కొరకు చేసినది కాదు, సమానముగా రుద్దదు.

మెరుగు పెట్టుట అంటే

మధ్యాహ్నము పిల్లవాడు ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, గీత లోపలికి ఉంది గదా, పై నుంచి రుద్దితే ఎలా పోతుంది?" మంచి ప్రశ్న. మెరుగు పెట్టినప్పుడు గీత పూడదు. గీత చుట్టూ ఉన్న మంచి పొరను గీత అడుగు వరకు అరగదీస్తాము. అప్పుడు అంతా సమముగా కనబడుతుంది. ప్రతి మెరుగుకు పొర కొంత తగ్గుతుంది. మొదటే పలుచని పొర, మాటిమాటికి రుద్దితే కొన్నాళ్ళకు మిగలదు. అందుకే గీతలు పోగొట్టుట కంటె గీతలు పడకుండా చూచుకొనుట మేలు అని చెప్పాము. తండ్రి వింటున్నాడు.

ఆలోచించండి. మనము పిల్లలను దిద్దేటప్పుడు కూడ ఇంతే గదా! దిద్దుబాటు అవసరమే, వాక్యము దానిని కాదనలేదు. కాని ప్రతి గద్దింపుకు పిల్లవాడి మనస్సులో ఒక పొర అరుగుతుంది. ప్రతి చిన్నదానికి గద్దిస్తే, నిజముగా గద్దించవలసిన రోజున అక్కడ ఏమీ మిగలదు. తండ్రులు తమ పిల్లలకు విసుగు పుట్టించి వారి గుండె చెదరగొట్టరాదని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో హెచ్చరించినది ఇందుకే.

ఇక ప్రభువు చేసిన పని చూడండి. యోహాను సువార్త పదమూడవ అధ్యాయములో ఆయన శిష్యుల పాదములు కడిగాడు. ఆ దేశపు దారులును దుమ్ము దారులే, పాదములకు చెప్పులే. ఆయన నడుముకు తువ్వాలు కట్టుకున్నాడు. తువ్వాలు చేతికి అందుబాటులోనే ఉన్నది. అయినా ముందు దానితో తుడవలేదు. పళ్ళెములో నీళ్ళు పోశాడు, కడిగాడు, ఆ తరువాతనే తువ్వాలుతో తుడిచాడు. ఆ రాత్రి తన్ను అప్పగించబోయేవాడు, తన్ను ఎరుగనని చెప్పబోయేవాడు ఇద్దరును ఆ వరుసలోనే కూర్చున్నారు. పాదములు పట్టుకొని గరుకుగా రుద్దుటకు ఆయనకు కారణములు లేకపోలేదు. అయినా ముందు నీళ్ళే.

ఇంటిలో ఆ నీళ్ళు ఏవి? "ఎందుకు చేశావు?" అని అడిగి, జవాబు వచ్చేవరకు ఆగుట. కోపముతో ఉన్న రాత్రి మాట్లాడక తెల్లవారనిచ్చుట. వినుటకు త్వరపడి, కోపించుటకు నిదానించుమని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో చెప్పినది కూడ ఈ క్రమమే. పొలము నుండి, బేరము నుండి, బడి నుండి మనము ఇంటికి వచ్చేటప్పుడు అందరి మీదా దుమ్ము ఉంటుంది. ఆ దుమ్ము మీద పొడి మాటతో తుడిస్తే, ప్రేమతో తుడిచినా గీతే పడుతుంది. ఆ తల్లిని చూచి మేము నవ్విన నవ్వు అటువంటి పొడి గుడ్డే. తరువాత ఆమెను క్షమాపణ అడిగాము.

పోని గీత

సాయంత్రానికి బోనెట్టు, కుడి వైపు తలుపులు పూర్తి అయినవి. మిగిలినది తరువాతి శనివారమునకు ఉంచాము. మెరుగు పెట్టిన చోట పనస ఆకులు అద్దములో వలె కనబడినవి. ఎడమ తలుపు మీద జానెడు గీత మాత్రము గోరుకు తగులుతున్నది. పీచులో ఇరుక్కున్న రాతి రవ్వ గీసిన గీత అది. పిల్లవాడు దానినే రుద్దుటకు వెళ్ళాడు. మేము ఆపాము. దానిని పోగొట్టవలెనంటే చుట్టూ పొరంతా తీసివేయవలసి వస్తుంది. రేకు కనబడుట లేదు గనుక తుప్పు భయము లేదు. కావలెనంటే ఆ కారు రంగు సీసా తెచ్చి సన్నని కుంచెతో నింపవచ్చు, అప్పుడును కొంచెము కనబడుతుంది.

అప్పుడు తండ్రి పిల్లవాడి చేతిలో స్పాంజి తీసుకొని, "ఒదిలేయరా. అది ఉంటే ఏం?" అన్నాడు. కొంతసేపు ఆగి, తల వంచుకొని, "కొట్టడం నా తప్పేరా. ఎందుకు కడిగావో అడగలేదు" అన్నాడు. పిల్లవాడు ఏమీ అనలేదు. మైనపు డబ్బా మూత పెట్టి, గుడ్డలు ఉతుకుటకు బోరు దగ్గరకు వెళ్ళాడు. ఆ రాత్రి ఇంటిలోనే పడుకున్నాడని ఆదివారము తల్లి చెప్పినది. అంతా ఒక్క రోజులో సరిపోయినదని మేము వ్రాయము. ఇప్పటికీ అతడు తండ్రితో తక్కువగానే మాట్లాడుతాడు. కాని స్టేషనుకు వెళ్ళక ముందు ఇద్దరూ కలిసి కారు మీద నీళ్ళు పోస్తున్నారు.

కొన్ని గీతలు పోవు. పునరుత్థానుడైన ప్రభువు తన శిష్యులకు కనబడినప్పుడు ఆయన చేతులలో గాయపు గుర్తులు ఉన్నవి, తోమాకు వాటిని చూపించాడు. మహిమ శరీరములో కూడ ఆయన వాటిని ఉంచుకున్నాడు. దాచుకోలేదు, వాటిని చూపించి ఎవరినీ నిందించలేదు. మన ఇళ్ళలో పోని గీతలను కూడ అలాగే ఉంచుకొనుటకు ప్రభువు సహాయము చేయును గాక.

గుర్తుంచుకొనవలసినవి

1. పొడి గుడ్డతో బండి తుడవవద్దు. నీళ్ళు లేకపోతే ఆ పూటకు దుమ్ముతోనే ఉండనివ్వండి, దుమ్ము వల్ల నష్టము లేదు. మోటారుసైకిలు ట్యాంకుకు, హెల్మెటు అద్దమునకు, మీ కళ్ళజోడుకు కూడ ఇదే మాట.

2. గోరు తగలని గీత మాత్రమే రుద్దండి. ముందు మెత్తని మందు, ఒక మూలన.

3. రేకు కనబడే గీతను ఆలస్యము చేయక రంగుతో మూయించండి. మన మంచుకు, వానకు తుప్పు త్వరగా పడుతుంది.

4. పిల్లలకు పని చెప్పక ముందు ఎలా చేయాలో ఒకసారి చేసి చూపించండి.

కుటుంబ ప్రార్థనలో చదువుటకు: యోహాను 13:1-17, కొలొస్సయులకు 3:12-21, యాకోబు 1:19-20.

ప్రార్థన: ప్రభువా, దినమంతటి దుమ్ముతో మేము ఇంటికి వస్తున్నాము. ఒకరినొకరము తొందరపడి తుడువకుండా మా నోటికి కావలి ఉంచుము. మా బిడ్డలు ప్రేమతో చేసి చెడగొట్టిన పనిలో ప్రేమను ముందు చూచు కన్నులు దయచేయుము. నీళ్ళు పోయుట నీవే మాకు నేర్పుము. ఆమేన్.